వివాదం పుట్టేది బిల్లు దగ్గరే



ఇవాళ జీఎస్టీ తగాదాల గురించి మాట్లాడుకుందాం. కిరాణా కొట్టు నడిపేవారు, బట్టల షాపు ఉన్నవారు, చిన్న కార్ఖానా పెట్టుకున్నవారు, కాంట్రాక్టు పనులు చేసేవారు, వాళ్ల దగ్గర లెక్కలు రాసేవారు, అందరూ కాస్త చెవిన వేసుకోండి. కాగితం, కలం వెతుక్కోనక్కర్లేదు. గుర్తుపెట్టుకోవలసినవి మూడే మాటలు. వాటినే మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ చెబుతాను.

మొదటి మాట, బిల్లు. అది సరిగ్గా ఉండాలి. రెండో మాట, సరిపోలిక. నెలనెలా లెక్క సరిచూసుకోవాలి. మూడో మాట, జవాబు. నోటీసు వస్తే గడువులోగా జవాబు వెళ్లాలి. బిల్లు, సరిపోలిక, జవాబు. ఈ మూడూ పట్టుకుంటే చాలా తగాదాలు పుట్టనే పుట్టవు. పుట్టినా ముదరవు.

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. అంతకుముందు అమ్మకం పన్ను, వ్యాట్ రోజుల్లో అధికారి కొట్టుకు వచ్చి, పుస్తకాలు తిరగేసి, అక్కడ అనుమానం వస్తే ప్రశ్న వేసేవారు. ఇప్పుడు చాలా ప్రశ్నలు కంప్యూటర్‌లోనే పుడుతున్నాయి. మీరు ఎంత అమ్మారో మీరు చెబుతారు. మీకు ఎంత అమ్మారో మీ సప్లయర్ చెబుతాడు. సరుకు ఏ లారీలో పోయిందో వే బిల్లు చెబుతుంది. ఇవన్నీ ఒకే చోట చేరతాయి. ఒకదానితో ఒకటి పొసగకపోతే తేడా పైకి తేలుతుంది. ఆ తేడా మీద నోటీసు వస్తుంది.

అందుచేత నోటీసు రాగానే దొంగతనం అంటగట్టారని బెంబేలు పడకండి. చాలా నోటీసుల్లో అడిగేది ఒక్కటే. ఈ లెక్కకూ ఆ లెక్కకూ తేడా ఎందుకు వచ్చింది? దానికి సమాధానం మన దగ్గర ఉంటే ఒక్క కాగితంతో తేలిపోతుంది. లేకపోతే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ సమాధానం ఎక్కడ తయారవుతుంది? నోటీసు వచ్చిన రోజున కాదండీ. సరుకు కొన్న రోజున, బిల్లు రాసిన రోజున.

ఇక మొదటి మాటకు వద్దాం. బిల్లు.

తెనాలిలో ఒక బట్టల వ్యాపారి ఉన్నారనుకుందాం. సూరత్ నుంచి లక్ష రూపాయల చీరలు తెప్పించారు. చీరల మీద పన్ను 5 శాతం, అంటే 5 వేలు. ధరతో పాటు ఆ 5 వేలూ సూరత్ పార్టీకి బ్యాంకు ద్వారా పంపారు. చీరలు వచ్చాయి, అమ్ముడుపోయాయి. తాను కట్టవలసిన పన్నులో ఆ 5 వేలు తగ్గించుకుని మిగతాది ప్రభుత్వానికి కట్టారు. దీన్నే మన వాళ్లు ఇన్‌పుట్ తీసుకోవడం అంటారు. అంతా సవ్యంగానే ఉంది కదా.

కానీ అక్కడ సూరత్‌లో ఆ పార్టీ రిటర్న్ వేయలేదు. పన్ను కట్టలేదు. కొన్నాళ్లకు తెనాలి వ్యాపారికి నోటీసు వచ్చింది. మీరు తగ్గించుకున్న 5 వేలు వడ్డీతో సహా కట్టండి అని. ఈయన ఏమంటారు? నేను డబ్బు ఇచ్చాను కదండీ, బ్యాంకులో ఆధారం ఉంది కదా, తప్పు చేసింది వాడైతే నన్ను అడుగుతారేమిటి అంటారు. న్యాయమైన బాధే. నిజాయితీగా డబ్బు చెల్లించిన మనిషికి ఇంతకంటే కష్టం ఏముంటుంది?

అయితే చట్టం ఏం చెబుతుందో వినండి. ఇన్‌పుట్ తీసుకోవాలంటే చేతిలో పన్ను బిల్లు ఉండాలి. సరుకు అందాలి. అమ్మినవారు ఆ పన్ను ప్రభుత్వానికి కట్టాలి. ఆ బిల్లు, పోర్టల్‌లో మీ కొనుగోళ్లు చూపే 2బీ పత్రంలో కనబడాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబర్ 30 దాకా కూడా సప్లయర్ పన్ను కట్టే రిటర్న్, అంటే తన 3బీ, వేయకపోతే, మీరు తీసుకున్న ఇన్‌పుట్‌ను నవంబర్ 30లోగా వెనక్కి ఇచ్చేయాలి. తర్వాత ఎప్పుడైనా అతను రిటర్న్ వేస్తే మీరు మళ్లీ తీసుకోవచ్చు.

న్యాయస్థానాలు ఏమన్నాయని అడగొచ్చు. 2023లో కలకత్తా హైకోర్టు ఒక కేసులో, ముందు అమ్మినవారి మీద చర్య తీసుకోకుండా కొన్నవారి మీదికి రావడం తగదని చెప్పింది. కొనుగోలుదారులకు అది ఊరటే. కానీ హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. కోర్టులో గెలుస్తామన్న ధీమాతో కొనుగోళ్లు చేయలేం కదా. జాగ్రత్త ముందే పడాలి.

ఎలా? కొత్త పార్టీ దగ్గర సరుకు కొనేముందు అతని జీఎస్టీ నంబరు అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. దానికి లాగిన్ కూడా అవసరం లేదు. రిజిస్ట్రేషన్ నడుస్తోందా, రద్దయిందా, రిటర్న్‌లు ఏ నెల దాకా వేశాడు, అన్నీ అక్కడే కనబడతాయి. రెండు నిమిషాల పని. ఆరు నెలలుగా రిటర్న్ వేయనివాడు పది రూపాయలు తక్కువకు ఇస్తానన్నా ఆ సరుకు మనకు చవక కాదు.

ఇంకో పని చేయొచ్చు. సరుకు ధర ముందు ఇచ్చి, పన్ను భాగం మాత్రం బిల్లు 2బీలో కనబడ్డాక ఇస్తానని బేరం కుదుర్చుకునేటప్పుడే చెప్పండి. ఆర్డరు కాగితం మీద రాయించండి. ఎన్నో సంస్థలు ఇప్పుడు ఇలాగే చేస్తున్నాయి. అలాగని పూర్తిగా ఆపి పెట్టకండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా ధర, పన్ను రెండూ సప్లయర్‌కు చెల్లించకపోతే ఆ ఇన్‌పుట్ కూడా వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది.

బిల్లు గురించే మరో ముఖ్యమైన మాట. సరుకు లేకుండా బిల్లు మాత్రమే ఇస్తామని తిరిగేవారు ఉంటారు. నూటికి ఇంత కమీషన్ ఇవ్వండి, ఇన్‌పుట్ మీకు వస్తుంది అంటారు. ఆ గుమ్మం తొక్కకండి. అక్కడ పన్నుతో, వడ్డీతో పోదు. పన్నుకు సమానమైన జరిమానా దాకా పోతుంది. మొత్తం పెద్దదైతే జైలు దాకా పోతుంది. అది వ్యాపారం కాదు. ప్రజల సొమ్ము కాజేయడం.

నిజంగా సరుకు కొన్నవారు ఆ నిజాన్ని కాగితం మీద నిలబెట్టుకోవాలి. 2023లో సుప్రీంకోర్టు కర్ణాటక కాఫీ వ్యాపారానికి సంబంధించిన ఒక వ్యాట్ కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. బిల్లు చూపించి, చెక్కు చూపించి ఊరుకుంటే చాలదు. సరుకు నిజంగా కదిలిందని కొన్నవారే రుజువు చేయాలి. ఏ లారీలో వచ్చింది, కిరాయి ఎవరికి ఇచ్చారు, ఎవరు దించుకున్నారు, ఇవి చూపాలి. అందుకే వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ, గోడౌన్‌లో దించుకున్న నమోదు, అన్నీ ఆ బిల్లుకే జతచేసి పెట్టండి. లారీ వెళ్లిపోయిన మూడేళ్లకు ఆ డ్రైవరు ఎక్కడ దొరుకుతాడండీ? ఆ రోజు దాచిన చీటీయే మీకు సాక్షి.

మొదటి మాట అయింది. బిల్లు. పార్టీని చూసి కొనండి. సరుకు వచ్చిందన్న ఆధారం బిల్లుతోనే దాచండి.

ఇప్పుడు రెండో మాట. సరిపోలిక.

మన ఇళ్లలో పాల లెక్క చూడండి. ఏ రోజు ఎన్ని లీటర్లు పోయించుకున్నామో క్యాలెండరు మీద రాసుకుంటాం. నెలాఖరున పాలాయన వస్తే ఆయన లెక్క, మన లెక్క పక్కపక్కన పెడతాం. తేడా ఉంటే అప్పుడే తేలిపోతుంది. మూడేళ్ల తర్వాత కూర్చుని ఫలానా మంగళవారం పాలు పోశావా లేదా అంటే ఎవరు చెప్పగలరు? జీఎస్టీ లెక్కకు కూడా నెల దాటనివ్వకూడదు.

మామూలుగా నెలనెలా రిటర్న్ వేసేవారికి మూడు తేదీలు ఉన్నాయి. 11న అమ్మకాల వివరాలు, అంటే జీఎస్టీఆర్-1. 14న మీ కొనుగోళ్ల పత్రం, అంటే 2బీ, పోర్టల్‌లో సిద్ధమవుతుంది. 20న పన్ను కట్టే రిటర్న్, అంటే 3బీ. 14కూ 20కీ మధ్య ఉన్న ఆ కొన్ని రోజులే బంగారం లాంటి రోజులు. 2బీ తీసి మీ కొనుగోలు పుస్తకం పక్కన పెట్టండి. మీ దగ్గర బిల్లు ఉండి అందులో లేనివి ఏవి? అందులో ఉండి మీ దగ్గర సరుకే రానివి ఏవి? ఆ రెండు చిట్టాలూ రాసుకోండి.

మొదటి చిట్టాలో ఉన్నవారికి వెంటనే ఫోన్ చేయండి. బాబూ, ఫలానా బిల్లు ఎక్కించలేదు, వచ్చే నెలకల్లా ఎక్కించు అనండి. ఒక మెసేజ్ కూడా పెట్టండి. అది రేపు ఆధారమవుతుంది. రెండో చిట్టాలో ఉన్నవి ఇంకా ప్రమాదం. ఎవరో పొరపాటునో, కావాలనో మీ నంబరు మీద బిల్లు రాశారు. 2024 అక్టోబర్ నుంచి పోర్టల్‌లో ఇందుకోసమే ఒక ఏర్పాటు ఉంది. ఐఎంఎస్ అంటారు. మీ పేర వచ్చిన బిల్లును అక్కడ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తర్వాత చూస్తానని పక్కన పెట్టవచ్చు. మీది కానిదాన్ని కాదనండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

అమ్మకాల వైపు కూడా ఇదే పద్ధతి. జీఎస్టీఆర్-1లో అమ్మకం ఎక్కువ చూపి, 3బీలో పన్ను తక్కువ కడితే పోర్టల్ నుంచే ప్రశ్న వస్తుంది. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి జీఎస్టీఆర్-1 వేయనివ్వదు. అది వేయకపోతే మీ బిల్లులు మీ కస్టమర్ల 2బీలో కనబడవు. వాళ్లు మిమ్మల్ని వదిలి ఇంకొకరి దగ్గరికి పోతారు. చిన్న తేడా చివరికి బేరం మీద దెబ్బ కొడుతుంది.

సరిపోలిక అంటే జీఎస్టీ పత్రాలతోనే అయిపోదు. బ్యాంకు ఖాతా కూడా అందులో భాగమే. 2025 జులైలో కర్ణాటకలో ఏం జరిగిందో గుర్తుందా? యూపీఐ ద్వారా వచ్చిన డబ్బు లెక్క చూసి చాలామంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపారు. బెంగళూరులో కొన్ని కొట్ల ముందు యూపీఐ లేదు, నగదు మాత్రమే అని బోర్డులు కట్టారు. భయంతో చేసిన పని అది. కానీ స్కానర్ తీసేస్తే సమస్య తీరదు.

ఖాతాలోకి వచ్చిన ప్రతి రూపాయీ పన్ను పడే అమ్మకం కాదు. విడి పాలు, పచ్చి కూరగాయలు అమ్మితే వాటి మీద జీఎస్టీ లేదు. బావమరిది అప్పు తీర్చిన డబ్బు అమ్మకమే కాదు. కానీ అవన్నీ ఒకే ఖాతాలో, ఒకే స్కానర్ మీద పడితే ఏది ఏదో విడదీసి చెప్పాల్సింది మీరే. అందుకే వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా ఉంచండి. రోజు అమ్మకం ఒక పుస్తకంలో రాయండి. పన్ను ఉన్నది, లేనిది వేరువేరుగా రాయండి. ఈ చిన్న అలవాటు మిమ్మల్ని పెద్ద నోటీసు నుంచి కాపాడుతుంది.

ఇక్కడ పన్ను రేటు తగాదాల గురించి కూడా ఒక మాట. రొట్టెకు ఒక రేటు, పరోటాకు ఒక రేటు అని ఆ మధ్య దేశమంతా చెప్పుకున్నారు. 2020లో కర్ణాటకలో, పన్ను సంగతి ముందే తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్ అధికారులు ప్యాకెట్ పరోటా రోటీ కాదు, 18 శాతం కట్టాలన్నారు. తర్వాత కేరళ హైకోర్టు 5 శాతమే అంది. చివరికి 2025 సెప్టెంబర్ 22 నుంచి పరోటా మీద పన్నే తీసేశారు. అదే రోజు నుంచి చాలా వస్తువుల రేట్లు 5 శాతం, 18 శాతం అనే రెండు మెట్లలోకి వచ్చాయి. ఆ మేరకు ఇలాంటి పేచీలు తగ్గాలి. అయినా మీ వస్తువు మీద అనుమానం ఉంటే, పక్క కొట్టువాడు ఎంత వేస్తున్నాడో చూసి అంతే వేయకండి. అడ్వాన్స్ రూలింగ్ అడగవచ్చు. కేంద్రానికి 5 వేలు, రాష్ట్రానికి 5 వేలు, మొత్తం 10 వేలు రుసుము. వచ్చిన నిర్ణయానికి మీరూ, మీ అధికారీ కట్టుబడాలి. కాకపోతే అదే విషయం మీద విచారణ మొదలయ్యాక అడిగితే తీసుకోరు. ముందే అడగాలి.

రెండో మాట కూడా అయింది. సరిపోలిక. 14 దాటగానే 2బీ తీయండి. నెల దాటనివ్వకండి.

ఇక మూడో మాట. జవాబు.

ఇంత జాగ్రత్త పడ్డా నోటీసు రావచ్చు. వచ్చిందని ముందు తెలియాలి కదా. నోటీసు పోస్టులో వస్తుందని ఎదురుచూసేవారు ఇంకా ఉన్నారు. చట్టం ప్రకారం పోర్టల్‌లో పెట్టినా మీకు అందినట్టే. రిజిస్ట్రేషన్ చేయించిన రోజున ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ ఇచ్చారో ఒకసారి చూడండి. చాలాచోట్ల అది ఎప్పుడో పని మానేసిన గుమస్తాదో, పాత కన్సల్టెంట్‌దో అయి ఉంటుంది. నోటీసు కబురు వాళ్ల ఫోనుకు పోతుంది. మీకు తెలిసేసరికి ఆర్డరు వచ్చేసి, బ్యాంకు ఖాతా ఆగిపోయి ఉంటుంది. యజమాని నంబరే ఇవ్వండి. పోర్టల్‌లోనే మార్చుకోవచ్చు. వారానికి ఒకసారి నోటీసులు, ఆర్డర్లు అన్న చోట తెరిచి చూడండి. అదనపు నోటీసులు అని ఇంకో చోటు ఉంటుంది. అదీ తెరవండి. అక్కడ చూడకనే మునిగిపోయినవారు ఎంతోమంది.

నోటీసు కనబడింది. ఏం చేయాలి? మొదట అది నిజమైనదో కాదో చూడండి. మోసగాళ్లు జీఎస్టీ పేరుతో దొంగ నోటీసులు పంపుతున్నారు. పోర్టల్ బయట కేంద్ర అధికారులు పంపే కాగితం మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. దాన్ని కేంద్ర శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఎవరైనా ఫోన్ చేసి ఈ నంబరుకు డబ్బు వేయండి అంటే అది మోసమే. పన్ను సొమ్ము పోర్టల్ ద్వారా తప్ప ఇంకో దారిన కట్టరు.

తర్వాత మూడు సంగతులు చదవండి. ఏ సంవత్సరం గురించి అడుగుతున్నారు? ఏ తేడా గురించి అడుగుతున్నారు? జవాబుకు చివరి తేదీ ఏది? ఆ తేదీని గోడ మీద క్యాలెండరులో గీత గీసి పెట్టండి. ఆ సాయంత్రమే మీ ఆడిటర్ గారికి పంపండి.

ఇప్పుడు నిజాయితీగా లెక్క చూడండి. పన్ను నిజంగానే తక్కువ కట్టామా? అయితే పంతానికి పోకండి. 2024-25 నుంచి ఉన్న లెక్కలకు కొత్త నిబంధన ఉంది. మోసం, దాపరికం లేని కేసుల్లో, నోటీసు వచ్చిన 60 రోజుల్లోగా పన్ను, వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. అంతకు ముందు సంవత్సరాలకైతే ఆ గడువు 30 రోజులే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కస్టమర్ దగ్గర వసూలు చేసి కట్టకుండా ఉంచుకున్న పన్నుకు ఈ వెసులుబాటు వర్తించదు. అది మన డబ్బు కాదు. మన చేతి మీదుగా ప్రభుత్వానికి వెళ్లవలసిన డబ్బు.

మన వైపు న్యాయం ఉందనుకోండి. అప్పుడు జవాబు గట్టిగా, పొందికగా ఉండాలి. నేను నిజాయితీపరుడిని, దయచేసి వదిలేయండి అని రాస్తే పని జరగదు. అడిగిన ప్రతి తేడాకూ ఒక వరుస రాయండి. ఎంత తేడా, ఎందుకు వచ్చింది, దానికి ఆధారం ఏది. ఆధారానికి పేజీ నంబరు వేయండి. ఫారం మీద, వ్యక్తిగత విచారణ కావాలా అని అడుగుతుంది. తప్పకుండా కావాలనే పెట్టండి. మీకు వ్యతిరేకంగా ఆర్డరు వేయాలనుకుంటే, మీరు అడగకపోయినా మీ మాట వినాలని చట్టమే చెబుతోంది. సరైన కారణం ఉంటే వాయిదా కూడా అడగవచ్చు. మూడుసార్ల దాకా ఇవ్వవచ్చు. పైగా నోటీసులో అడగని కారణం మీద, అడిగినదానికంటే ఎక్కువ మొత్తానికి ఆర్డరు వేయకూడదు. ఇవి మన హక్కులు. వీటిని మర్యాదగా, కాగితం మీద అడగాలి.

దారిలో లారీ ఆపినప్పుడు కూడా ఇంతే. గుంటూరు నుంచి ఢిల్లీకి 10 లక్షల ఎండుమిర్చి పోతోందనుకుందాం. వే బిల్లులో లారీ నంబరు ఒక అంకె తప్పు పడింది. పన్ను 5 శాతం లెక్కన 50 వేలు. దానికి రెండింతలు, అంటే లక్ష రూపాయల జరిమానా అంటే వ్యాపారి గుండె జారిపోతుంది. కానీ 2018 సెప్టెంబర్‌లో కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని నంబరు 64. బిల్లూ, వే బిల్లూ రెండూ ఉండి, పేరులో అక్షరం, పిన్‌కోడ్, లారీ నంబరులో ఒకటి రెండు అంకెలు, ఇలాంటి చిన్న తప్పులైతే మొత్తం వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టాలని అందులో ఉంది. ఆ సర్క్యులర్ కాపీ ఒకటి లారీలో ఉంచండి. డ్రైవరుకు విషయం చెప్పి పంపండి. వే బిల్లు అసలే లేకపోతే మాత్రం ఈ మాట చెల్లదు.

ఇక ఎవరైనా సోదాకు వచ్చారనుకోండి. అనుమతి పత్రం చూపమని అడగవచ్చు. జాయింట్ కమిషనర్ స్థాయి అధికారి దాన్ని ఇవ్వాలి. సోదా జరుగుతుండగా అక్కడికక్కడే పన్ను కట్టమని బలవంతం చేయకూడదని 2022 మే నెలలో కేంద్రం తన అధికారులకు స్పష్టంగా చెప్పింది. సహకరించండి, పుస్తకాలు చూపండి, నిజం చెప్పండి. కానీ చదవకుండా దేని మీదా సంతకం పెట్టకండి.

ఆర్డరు మనకు వ్యతిరేకంగా వచ్చిందనుకోండి. అప్పుడు కూడా దారి మూసుకుపోదు. ఆర్డరులో కళ్లకు కనబడే పొరపాటు ఉంటే, అంటే మీరు కట్టిన డబ్బును లెక్కలో వేయకపోతే, మూడు నెలల్లోగా సవరణ అడగవచ్చు. తీర్పే తప్పనిపిస్తే మూడు నెలల్లోగా అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో నెల దాకా ఒప్పుకోవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టాలి. అది కడితే మిగతా వసూలు ఆగుతుంది. అక్కడా ఓడితే ట్రిబ్యునల్ ఉంది. ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక 2025 సెప్టెంబర్ 24న ఢిల్లీలో జీఎస్టీ ట్రిబ్యునల్‌ను ప్రారంభించారు. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడ, విశాఖపట్నాల్లో బెంచీ స్థానాలు నిర్ణయించారు. అక్కడికి వెళ్లడానికి ఇంకో 10 శాతం కట్టాలి.

గడువు దాటితే ఏమవుతుందో మన కాకినాడ కేసే చెబుతుంది. వ్యాట్ కాలం నాటి తగాదా అది. ఒక పెద్ద కంపెనీ అప్పీలు గడువు దాటిపోయాక హైకోర్టు తలుపు తట్టింది. 2020లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం ఇచ్చిన గడువు దాటాక రిట్ దారిలో రాకూడదంది. పెద్ద పెద్ద లాయర్లను పెట్టుకోగలిగిన కంపెనీకే అలా జరిగితే, చిన్న కొట్టు నడుపుకునే మన మాటేమిటి? గడువు అంటే గడువే.

శ్రోతలారా, మూడో మాట కూడా పూర్తయింది. మళ్లీ ఒకసారి చెబుతాను.

బిల్లు. పార్టీని చూసి కొనండి. సరుకు వచ్చిన ఆధారాన్ని బిల్లుతో పాటే దాచండి. వార్షిక రిటర్న్ గడువు నుంచి 6 ఏళ్ల దాకా అవి భద్రంగా ఉండాలి.

సరిపోలిక. నెలనెలా 14 దాటగానే 2బీ తీసి మీ పుస్తకం పక్కన పెట్టండి. ఇంటి ఖాతా, వ్యాపార ఖాతా వేరు చేయండి.

జవాబు. పోర్టల్ వారానికి ఒకసారి తెరవండి. నోటీసు వస్తే గడువులోగా, ఆధారాలతో జవాబివ్వండి. ఊరుకుంటే మనకు చెప్పుకోవడానికి ఏమీ లేదని అధికారి అనుకుంటారు. ఆర్డరు కూడా అలాగే వస్తుంది.

అధికారులకు కూడా ఒక విన్నపం. ఎదురుగా నిలబడ్డ వ్యాపారి తన జీవితమంతా ఆ కొట్టులో పెట్టినవాడు. అతను ఇచ్చిన జవాబును పూర్తిగా చదవండి. అతని మాట వినండి. విని వేసిన ఆర్డరు పైకోర్టులో కూడా నిలబడుతుంది.

వ్యాపారులకు నా విన్నపం ఒక్కటే. ఈ రాత్రి కొట్టు కట్టేసే ముందు పోర్టల్ తెరిచి, అందులో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. మీది కాకపోతే రేపే మార్పించండి. జాగ్రత్త అక్కడి నుంచి మొదలుపెట్టండి.